మూడు పేర్ల తాళం

ఆగస్టు 17, గురువారం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సులో నిలబడే వచ్చాను. సీటు లేక కాదు. కూర్చుంటే ఆ గొంతు మళ్ళీ వినిపిస్తుందని.

సుంకులమ్మ మాట రికార్డు చేసి వారమైంది. ఆదోని పత్తి మిల్లులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. నన్ను తెచ్చి ఆడవాళ్ళ ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. ఆఫీసులో కుర్చీ ఉన్న ఆడవాళ్ళం నేనూ, ల్యాబులో పత్తి తేమ చూసే దీపికా ఇద్దరమే కదా, ఇంకెవరిని చేస్తారు? మూడో మనిషి అకౌంటెంట్ అబ్రహాం అన్న. బయటి నుంచి ఒక లాయరమ్మ, ఆమె చివర్లో వస్తుంది. ఇన్నేళ్ళూ మా కమిటీ గోడ మీద కాగితంగానే ఉండేది. ఇప్పుడు నిజంగానే ఒక మనిషి వచ్చి తలుపు కొట్టింది.

సుంకులమ్మది తుగ్గలి పక్క పల్లె. సీజనులో మా మిల్లులో పత్తి ఏరుతుంది. "రాసేది వద్దమ్మా, నా నోటితోనే సెప్తా, పట్టుకో" అంది. ఫోన్లో పట్టుకున్నాను. తూకం సూపర్‌వైజర్ పుల్లన్న గోడౌన్లో తనను ఏం చేశాడో ఒక్కచోట కూడా ఆగకుండా చెప్పింది. ఏడవలేదు. నేనే ఫోన్ పట్టుకున్న చెయ్యి మార్చుకుంటూ కూర్చున్నాను. ఆమె చెప్పాక, పేర్లు బయటికి రానివ్వనని నాతో ఒట్టు వేయించుకుని, ఇంకో ఇద్దరు చెప్పారు. వాళ్ళ పేర్లు ఇక్కడ కూడా రాయను. ఈ పుస్తకానికి తాళం లేదు.

మా ఇంట్లో నా ఫోన్ ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో దేవుడికి తెలియాలి. అందుకే మూడు మాటలూ ఆఫీసు నెట్‌వర్కులో కమిటీ ఫోల్డర్లోకి ఎక్కించి, ఫోన్లోంచి తుడిచేశాను. ఫైళ్ళకు తాళం వేశాను. మేనేజరు గదిలోంచి చూసినా ఫైలు పేరు కనబడుతుంది, లోపలి మాట వినబడదు. తెరవగలిగేది ముగ్గురమే. నేను, అబ్రహాం అన్న, దీపిక. నాలుగో మనిషిని చేర్చాలంటే ఈ ముగ్గురిలో ఒకరే చేర్చాలి. యజమాని వచ్చి బల్ల గుద్దినా ఆ కంప్యూటరు వినదు.

ఇదంతా సుంకులమ్మకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తే మా నాన్న గుర్తొచ్చాడు. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు. తువ్వాల కప్పుకుని, దాని కింద ఇద్దరి చేతులు పెట్టుకుని, వేళ్ళతోనే ధర మాట్లాడుకునేవాళ్ళు. చుట్టూ మూగినవాళ్ళకు తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. ఇంకొకడు చెయ్యి పెట్టాలంటే లోపలున్నవాడే పట్టుకుని తీసుకోవాలి. "నీ మాట ఆ తువ్వాల కింద ఉంది సుంకులమ్మా, మా ముగ్గురి చేతుల్లో" అన్నాను.

ఆమెకు వెంటనే తెలిసింది. "మీ ముగ్గురూ సెయ్యి తీసేస్తే?" అంది.

నవ్వాను. ఎందుకు నవ్వానో.

ఆగస్టు 19

సుంకులమ్మ ఫోన్. "అమ్మా, నా మాట ఉందా?"

"ఉంది."

"సరేమ్మా" అని పెట్టేసింది.

ఆగస్టు 22, మంగళవారం

శ్రావణం వస్తే మా ఆఫీసులో పాస్‌వర్డులు ఊరేగుతాయి. ఒక్కొక్కరు ఒక్కోరోజు ఉరుకుంద ఈరన్నస్వామి గుడికి పోతారు. పోయేవాళ్ళు పాస్‌వర్డు చీటీ మీద రాసి కంప్యూటరుకు అంటించి పోతారు, మిగిలినవాళ్ళు వాళ్ళ పని చేసిపెడతారు. సగం పాస్‌వర్డుల్లో ఆ ఈరన్నే ఉంటాడు కాబట్టి చీటీ కూడా దండగే. ఊరికి పోతూ పక్కింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చినట్టు. ఇవ్వనంటే నీ మీద నమ్మకం లేదని మొహాన చెప్పినట్టే. నేనూ ఇన్నేళ్ళు అంటించిపోయినదాన్నే.

ఈసారి మా ముగ్గురం అంటించకూడదని చెప్పాను. పాస్‌వర్డు ఇచ్చాక ఇక తాళమెందుకు?

మేనేజర్ బసన్న మామ నా బల్ల దగ్గరికి వచ్చాడు. అందరి ముందూ సార్, విడిగా మామ. మా నాన్నకు స్నేహితుడు. ఈ ఉద్యోగం ఆయన పెట్టించిందే. నాలుగేళ్ళు ఊరిమీద తిరిగిన మా తమ్ముడు బాలరాజును మిల్లులో ఫిట్టరుగా పెట్టించిందీ ఆయనే. ఆయన ఉప్పు తిన్నామని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

"ఏమ్మా లావణ్యా, ఈ తూరి చీటీ పెట్టేది లేదంటనే?"

"బిల్లులకు వేరే లాగిన్ ఇచ్చి పోతా మామా."

"అబ్బో! ఈ ఆఫీసులో ఒకరికొకరం దాపెట్టుకునేది ఎప్పటి నుంచి వచ్చిందమ్మా?" నవ్వుతూనే అని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "ఆ ఫైల్లో నన్ను గూడా చేర్చు. పుల్లన్న తప్పు చేసింటే నేనే కాలి మెట్టుతో కొడ్తా. ఆ ఇంకో ఇద్దరూ ఎవురో తెలిస్తే సాలు, మంచిమాటలతో సర్దుదాం. మిల్లు పేరు బజాన పడితే అందరి కూడూ పోతాది."

బసన్న మామా పుల్లన్నా ఒకే ఊరివాళ్ళు. ఒకే ఏడు ఒకే గోనెసంచి మీద పడుకుని మిల్లులో పని మొదలుపెట్టారట. ఆ సంగతి ఆయన అనలేదు, నేనూ అనలేదు.

"అది నా చేతిలో లేదు మామా" అన్నాను.

నా చేతిలోనే ఉంది. పేరు వెతికి ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది.

ఆగస్టు 25, శుక్రవారం

అబ్రహాం అన్న మధ్యాహ్నం బాక్సు తెరవకుండా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నా పేరు తీసెయ్యమ్మా ఆ ఫైల్లోంచి."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా అన్నా?"

"ఎవురూ అన్లే. ఎవురన్నా అడిగితే లేదని సెప్పే ధైర్యం నాకాడ లేదు. నన్ను నేను ఎరుగుదు గదా. లేనిదైతే లేదని సెప్పొచ్చు."

తీసేశాను. పేరు పోయాక ఆయన మొహం తేటపడింది, బాక్సు తెచ్చుకుని నా ముందే కూర్చుని తిన్నాడు. కోపం వచ్చింది. దానికంటే ఎక్కువ అసూయ వచ్చింది. నేనూ ఎవరినైనా పోయి నా పేరు తీసెయ్యమని అడగగలిగితే!

ఆగస్టు 28, సోమవారం

అత్తతో ఉరుకుంద. బస్సులో ఊపిరి ఆడలేదు. కాలువ దగ్గర స్నానం, తడిబట్టలతో వరుసలో నిలబడటం, అత్త చెప్పు ఒకటి పోవడం, రెండోదాన్ని నేను విసిరేయడం, దానికి ఆమె నన్ను తిట్టడం.

తిరుగు బస్సులో "ఏం కోరుకుంటివే?" అంది అత్త.

"ఏం లేదత్తా. అందరూ బాగుండాలని."

ఇక్కడ రాస్తాను. ఆ ఫైలు నా చేతుల్లోంచి పోవాలని కోరుకున్నాను. ఎట్లా పోవాలో చెప్పలేదు స్వామికి.

ఆగస్టు 29, మంగళవారం

పోయింది.

పొద్దున కంప్యూటరు నా పాస్‌వర్డు తీసుకోలేదు. బసన్న మామ గది నుంచే కేక వేశాడు. "నీ లాగిన్ మెల్లగా నడుస్తాందని నిన్న మనిషిని పిలిపించి సరిచేయించినాలేమ్మా. కొత్త పాస్‌వర్డు చీటీ మీదుంది సూడు."

చీటీ నా కంప్యూటరుకే అంటించి ఉంది. నేను అంటించనన్న చీటీ.

లోపలికి పోయి చూశాను. పేరు నాదే. నా బిల్లులు, నా టైపు కాగితాలు అన్నీ ఉన్నాయి. కమిటీ ఫైలు మీద నొక్కితే మాత్రం 'అనుమతి లేదు' అంటుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. మనిషిని కాకపోతే కంప్యూటరును తిట్టొచ్చు కదా, తిట్టాను కూడా.

జరిగింది అర్థమవడానికి ఎంతసేపో పట్టలేదు. వచ్చినవాడు నా పాస్‌వర్డు మార్చి, నా పేరుతో లోపలికి పోయి ఫైలు తెరవాలని చూశాడు. రాలేదు. విసిగిపోయి నా పాత లాగిన్ మొత్తం తీసేసి, అదే పేరుతో కొత్తది పెట్టాడు. ఆ తాళంచెవి పాత లాగిన్‌తో పుట్టింది, దానితోనే పోయింది. ఇప్పుడు లావణ్య అంటే ఆ ఫైలుకు ఎవరో దారిన పోయే మనిషి.

బసన్న మామకూ తెరుచుకోలేదు, నాకూ తెరుచుకోలేదు. ఆయన పొద్దంతా నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా పని చేసుకున్నాం.

ఇంటికొచ్చి అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఆకలెక్కడిదో తెలియదు.

ఆగస్టు 30

ఫోన్.

"నా మాట ఉందా అమ్మా?"

"ఉంది."

సెప్టెంబర్ 2, శనివారం

నా తప్పేమీ లేదని రాసుకుంటున్నాను. లాగిన్ తీసింది నేను కాదు. తీయించింది నేను కాదు. నేను గుళ్ళో ఉన్నాను.

తాళం వేసిన రోజు నుంచీ కంప్యూటరు కింద మూలన ఒక గుర్తు లేచేది. నీ తాళంచెవికి నకలు తీసి దాచుకో అని. ప్రతిరోజూ 'తరువాత' అని నొక్కేదాన్ని. బిల్లుల హడావుడిలో ఎవరికి తీరిక? ఎవరైనా అదే చేస్తారు.

ఎవరైనా అదే చేస్తారు.

సెప్టెంబర్ 6, బుధవారం

బసన్న మామ నన్ను గదిలోకి పిలిచి టీ తెప్పించాడు.

"ఇంగ ఆ ఫైలు తెరిచేటోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"ఎవరూ లేరు మామా."

"అబ్రహాం?"

"ఆయన పేరు ఎప్పుడో తీయించుకున్నాడు."

ఆయన కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "పోనీలే. దేవుడే ముడి ఇప్పినాడు. నువ్వేం చేసేది, మిషన్ పాడైపోతే? కమిటీ కాగితంలో అదే రాయి, సాక్ష్యం దొరకలేదని." తర్వాత టీ గ్లాసు నా వైపు జరిపాడు. "బాలరాజు పని బాగుందమ్మా. దసరాకు పర్మినెంటు సేయిస్తా."

థాంక్స్ మామా అన్నాను. అన్నానా? అన్నాను.

దీపిక పేరు ఇంకా ఫైలు మీద ఉంది. ఆమె ల్యాబు కంప్యూటరు జోలికి ఎవరూ పోలేదు. ఆయనకు ఆ సంగతి గుర్తు రాలేదు, ఆ పిల్లను కమిటీలో ఎవరూ లెక్కే పెట్టరు. నేను చెప్పలేదు. ఆమెను కాపాడటానికే చెప్పలేదు. చెబితే ఆమె లాగిన్ కూడా పోతుంది కదా.

అందుకే చెప్పలేదు. కానీ దీపికకు కూడా ఏమీ చెప్పలేదు. దానికి కారణం ఆలోచించాలి.

సెప్టెంబర్ 7

ఫోన్. ఉంది అన్నాను.

సెప్టెంబర్ 14, గురువారం

వాన లేదు. మబ్బు వస్తుంది, ఆదోని మీద కాసేపు నిలబడి చూస్తుంది, కర్ణాటక వైపు పోతుంది. ఈ ఏడు దసరా కూడా చూడకుండా ఊళ్ళు సుగ్గి వలసకు కదులుతున్నాయి. బస్టాండు ముందు లారీలో మూటలు, పొయ్యికట్టెలు, ముసలివాళ్ళకు అప్పజెప్పలేని పిల్లలు, అందరినీ కలిపి ఎక్కించుకుని గుంటూరు వైపు పోతున్నారు. పత్తి తీసి, మిరపకాయ కోసి, ఉగాదికి తిరిగొస్తారు.

ఆ లారీలో నాకు చెప్పిన ఇద్దరిలో ఒకామెను చూశాను. ఆమే నన్ను చూసి ముసుగు జరుపుకుని వంగింది.

"అక్కా, మా మాట సెప్పేసినాం గదా. ఇంగ మమ్మల్ని పిలవద్దు. రెండోసారి మా నోట రాదు."

"ఆమె?" అని రెండో ఆమె గురించి అడిగాను.

"నిన్ననే పాయ."

లారీ కదిలింది. ఫైలు లేకపోయినా మళ్ళీ అడిగి మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు అని నాకు నేను చెప్పుకుంటున్న మాట ఈరోజుతో చెల్లిపోయింది. ఉన్నది ఆ ఫైలే.

సుంకులమ్మకు నేనే ఫోన్ చేశాను. నువ్వు సుగ్గికి పోలేదా అని.

"నేను పోతే పుల్లన్న మాటే నిజమయితాది గదమ్మా. ఊర్లో ఇప్పటికే అంటాండారు, పనిలోంచి తీసేస్తే కతలు అల్లిందని. నా మొగుడు గూడా లారీ ఎక్కుతా అదే అని పోయినాడు. నా దగ్గర ఏముంది సూపించడానికి? ఆ మాట తప్ప. అది ఉంది గదా?"

"ఉంది."

సెప్టెంబర్ 18, చవితి

బాలరాజు మా ఇంటికి వచ్చాడు. కొత్త చొక్కా. దసరాకు పర్మినెంటు అయితే పిల్లను చూడమని అమ్మకు చెప్పాడట. నేను ఉండ్రాళ్ళు వడ్డిస్తుంటే "అక్కా, నీ వల్లనే" అన్నాడు.

సెప్టెంబర్ 23, శనివారం

దీపిక రాజీనామా ఇచ్చింది. బళ్ళారిలో ఏదో కంపెనీ, అక్కడ పిన్ని ఉందట. నెలాఖరే ఆఖరి రోజు.

బసన్న మామ సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. మామూలు కాగితమే. ఎవరు మానేసినా వస్తుంది. ముప్పయ్యో తేదీ సాయంత్రానికి ఆమె లాగిన్ తీసెయ్యాలి. తీసేది నేనే. ఇన్నేళ్ళలో ఎంతమందివి తీశానో, ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు.

తీసేస్తే ఆ ఫైలు ఇక ఎవరికీ తెరుచుకోదు. ఎవరూ ఏమీ అనరు. నేను చేయాల్సిన పనే చేసినట్టు.

సెప్టెంబర్ 26, మంగళవారం

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. బస్సు దిగాల్సిన చోట దిగకుండా స్టేషను దాకా పోయాను. ఆఫీసులో ల్యాబు ముందు నుంచి మూడుసార్లు నడిచాను. దీపిక అద్దంలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపి, ఏదో పని ఉన్నట్టు గోడౌను వైపు పోయాను. గోడౌనులో నాకేం పని?

ఇంట్లోనూ అంతే. అత్త మగ్గం మీద ఉంది. నేను వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి దొడ్లోకి తిరుగుతుంటే మగ్గం ఆపి చూసింది.

"ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతాండావ్?"

"ఏం లేదత్తా."

"ఏం లేకపోతే కూసో."

కూర్చున్నాను. ఆమె తెగిన పోగు వెతుకుతోంది. ఒక పోగు తెగితే ఏముంది, నేసెయ్యరాదా, ఎవరికి కనబడుతుంది అన్నాను. విసురుగానే అన్నాను.

"నేసేటప్పుడు కనపడదు. కట్టుకున్నోళ్ళకు కనపడతాది" అని మళ్ళీ వెతుక్కుంది.

నాకు ఆమె మీద ఎందుకంత కోపం వచ్చిందో ఇప్పుడు రాయడానికి కూడా ఒళ్ళు మండుతోంది.

సెప్టెంబర్ 29, శుక్రవారం

ఫోన్ మోగుతుంటే తీయకుండా చూస్తూ కూర్చున్నాను. ఆగిపోయింది. మళ్ళీ మోగింది.

"అమ్మా, నా మాట..."

"ఉంది సుంకులమ్మా, ఎన్నిసార్లు అడుగుతావు? ఉంది, ఉంది!"

"సరేమ్మా. కోప్పడొద్దు" అంది.

రేపు సాయంత్రం ఐదుకు తీసేస్తాను. నాకు ఇల్లుంది, తమ్ముడున్నాడు. నేను ఒక్కదాన్నే ఈ ఊరిని ఉద్ధరించాలా? తీసేస్తాను. రాసేశాను కూడా.

సెప్టెంబర్ 30, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం అందరూ దీపికకు కేకు కోయించి, తిని, బల్లల దగ్గరికి పోయారు. నేను నా బల్ల ముందు కూర్చుని దీపిక లాగిన్ పేరు మీద బాణం పెట్టాను. తీసెయ్యాలా అని అడిగింది. కంప్యూటరు అన్నిటికీ అడుగుతుంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేను ఎప్పుడూ చదవలేదు, అవును అని నొక్కెయ్యడమే. ఈరోజు చదివాను. 'కోప్పడొద్దు' అని సుంకులమ్మ అన్న మాటే చెవిలో ఉంది. తప్పు నాది, క్షమించమనేది ఆమె. సిగ్గేసింది. ఇంత సిగ్గు నా జన్మలో ఎరగను.

వద్దు అని నొక్కి లేచాను. ల్యాబుకు పోయి తలుపు వేశాను.

"దీపికా, కమిటీ ఫైలు నీకు తెరుచుకుంటుందా?"

ఆ పిల్ల నా మొహం చూసి ఏడుపు మొదలుపెట్టింది. "తెరుచుకుంటాంది అక్కా. రోజూ పొద్దున్నే సూస్తాండా. నువ్వు తెరవడం లేదని తెల్సు, నీ లాగిన్ మార్చినారని ఆఫీసంతా తెల్సు. నువ్వు వచ్చి అడుగుతావని ఈ నెలంతా ఎదురుసూస్తిని. నేనే వచ్చి సెప్తే, నువ్వు తీసెయ్యమంటావేమోనని భయమాయ."

తీసెయ్యమనే అనేదాన్నేమో.

"తెరువు" అన్నాను.

పత్తి దూది అంటిన ఆ చిన్న గదిలో సుంకులమ్మ గొంతు వచ్చింది. "నా పేరు సుంకులమ్మ. నేను సెప్పేది నా బిడ్డల మీద ఒట్టు..." రెండోది విన్నాం, మూడోది విన్నాం. దేనికీ మచ్చ పడలేదు. దీపిక ఫైలు వివరాల్లోకి పోయి, పేర్లలో వెతికి, నా కొత్త లాగిన్‌ను చేర్చింది. లోపలున్న చెయ్యి బయటున్న చేతిని పట్టుకుని తువ్వాల కిందికి తీసుకుంది. మా నాన్న ఉంటే చూసి నవ్వేవాడు.

నా బల్ల దగ్గరికి పరుగెత్తాను. తెరుచుకుంది. కింద మూలన గుర్తు లేచింది, తాళంచెవికి నకలు తీసుకో అని. ఈసారి 'తరువాత' నొక్కలేదు. పెన్‌డ్రైవులో తీసుకున్నాను. అది ఇప్పుడు నా తాళిబొట్టు గొలుసుకు కట్టి ఉంది, తీస్తే అత్త అడుగుతుంది, అడిగితే చెబుతాను.

అప్పుడు దీపిక లాగిన్ తీసేశాను. ఉత్తర్వు ఉత్తర్వే.

సంచి సర్దుకుని బసన్న మామ గదికి పోయాను. దాచిపెట్టి ఇంకో నెల ఇట్లా తిరగలేను.

"మామా, ఆ ఫైలు పోలేదు. నాకు తెరుచుకుంటాంది. కమిటీకి వినిపిస్తా."

కోప్పడి ఉంటే నాకు సుళువుగా ఉండేది. ఆయన ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"నీ కాళ్ళు పట్టుకునేదొకటే తక్కువమ్మా నేను" అన్నాడు. "సరే. మీ తమ్మునికి నువ్వే సెప్పుకో."

అక్టోబర్ 5, గురువారం

లాయరమ్మ వచ్చింది. అబ్రహాం అన్న కూడా వచ్చి కూర్చున్నాడు, తల వంచుకుని చివరిదాకా విన్నాడు. వినడం అయిపోయాక "నా పేరు మళ్ళీ చేర్చమ్మా" అన్నాడు. చేర్చాను. ఇప్పుడు ఆయన మీద కోపం లేదు, నాకు ఆ హక్కు లేదు.

మూడు గొంతులూ ఒకే గోడౌను, ఒకే మూల, ఒకే మాట చెప్పాయి. ఇద్దరి పేర్లు కాగితం మీదికి రాలేదు. రిపోర్టు లాయరమ్మ చేతుల మీదుగా యజమానికి పోయింది. ఆమె కోర్టు మాట ఎత్తగానే ఆయనకు వినబడాల్సింది వినబడింది. పుల్లన్నను పనిలోంచి తీసేశారు.

సాయంత్రం బాలరాజును కూడా రేపటి నుంచి రావద్దన్నారు. సీజనుకు మనుషులు ఎక్కువయ్యారట.

అక్టోబర్ 7

బాలరాజు నాతో మాట్లాడలేదు. అమ్మతో అన్నాడట, సుగ్గికి పోయేవాళ్ళతో లారీ ఎక్కుతానని. ఫిట్టరు పని నేర్చినవాడు మిరపకాయ కోయడానికి. ఫోన్ చేస్తే తీసి, "నీకేం అక్కా, నీ కుర్చీ నీకుంది" అని పెట్టేశాడు.

నిజమే అన్నాడు. నా కుర్చీ ఎన్నాళ్ళుంటుందో తెలియదు గానీ, ఈ రోజుకు ఉంది. వాడిది పోయింది. ఏడ్చాను.

అక్టోబర్ 10, మంగళవారం

సుంకులమ్మ వచ్చింది. సీజను మొదలయింది, రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు. గేటు దగ్గర నుంచి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా మాట ఒక్కతూరి నాకు వినిపియ్యమ్మా."

హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టాను. వింటూ ఉంటే పెదవులు కదిలాయి, ఒక్కో మాటా తనతో పాటు తాను చెప్పుకుంటున్నట్టు. అయిపోయాక హెడ్‌ఫోన్ తీసి, చెంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

ఇక ఆగలేకపోయాను. "సుంకులమ్మా, నీతో అబద్ధం చెప్పినా. నెల రోజులు ఇది నా దగ్గర లేదు. నాకు తెరుచుకోలేదు. అయినా ఉంది ఉంది అంటూ వచ్చినా. దాన్ని అట్లే పోగొడదామని కూడా అనుకున్నా."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెల్సమ్మా."

"తెలుసా?"

"మొదటితూరి ఉంది అన్నప్పుడు నవ్వుతా అంటివి. శ్రావణం నడుమ ఒకతూరి ఉంది అంటే నీ గొంతు వేరుగా ఉండె. లేదని అప్పుడే తెలిసిపాయ."

"మరి అన్నిసార్లు ఎందుకు అడిగితివి?"

"అడగడం మానేస్తే నువ్వు గూడా ఎతకడం మానేస్తావని" అంది. అని, టిఫిను సంచి భుజానికి తగిలించుకుని గోడౌను వైపు పోయింది, రేపు కూర్చునే చోటు చూసుకోవడానికి.

అక్టోబర్ 13, శుక్రవారం

బస్సులో కూర్చునే వచ్చాను. కిటికీ పక్క.

సుంకులమ్మ ఫోన్ ఈరోజు కూడా రాలేదు.